యంత్రం మిగిలింది, మనిషి పోయాడు
2016 జూన్ 21న అమెరికాలో సీబీఎస్ ఛానల్ ‘పర్సన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ సీరియల్ చివరి భాగం వేసిన రాత్రి అభిమానులకు ఒక కంట నీరు, ఒక కంట నిప్పు. నిఘా యంత్రాన్ని తయారుచేసిన ఫించ్‌ను బతికించడానికి మేడ మీద ఒంటరిగా నిలబడి ప్రాణమిచ్చిన సహచరుడు రీస్‌ను చూసి ఏడ్చారు. అతనికి అంతకన్నా తగిన ముగింపు లేదని చాలామంది ఒప్పుకున్నారు కూడా. నిప్పంతా ఛానల్ మీద. ఐదో సీజన్‌ను 13 భాగాలకు కుదించి, మే, జూన్‌లలోనే గబగబా వడ్డించేస్తే కడుపు మండదా మరి? తోటి నాయిక షాను ప్రేమించిన రూట్‌ను వందో భాగంలో చంపడం మీద కోపం ఇంకా గట్టిది. ఆ ఏడాది మార్చిలోనే ‘ది 100’ సీరియల్‌లో అలాగే మరో స్త్రీని ప్రేమించిన లెక్సా చనిపోయింది; ఆడవాళ్లు ఆడవాళ్లను ప్రేమిస్తే టీవీ కథల్లో చావే రాసిపెట్టి ఉంటుందా అని ప్రేక్షకులు నిలదీశారు. ఊళ్లోని కెమెరాలన్నిటి కళ్లతో చూసే ఆ యంత్రం చివరికి రూట్ గొంతుతోనే మాట్లాడింది. కొందరికది ఊరట, కొందరికి పుండు మీద కారం. నిలదీసిన వాళ్ల పక్షానే న్యాయముంది. అయితే ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా ప్రభుత్వ నిఘా గుట్టు విప్పిన 2013కు రెండేళ్ల ముందే మొదలైన ఈ కథకు ముగింపు మాత్రం సరిగ్గా కుదిరింది: యంత్రం పిలుపుతో న్యూయార్క్ వీధిలో పబ్లిక్ ఫోన్ మోగుతుంది, షా ఎత్తుతుంది.