రిమోట్ చేతిలో, నిప్పు గోడలో
ఉత్తర అమెరికా చలి ప్రాంతాల ఇళ్లలో గోడకు అమర్చే గ్యాస్ ఫైర్‌ప్లేస్‌ను, అంటే కట్టెలకు బదులు సహజవాయువుతోనో ప్రొపేన్‌తోనో మండే గది నెగడును, కూర్చున్న చోటి నుంచే రిమోట్‌తో వెలిగించగలగడం మెచ్చదగిన సౌకర్యమే అయినా, ఆ బొత్తాం వెనుక ఉన్నది నిజమైన నిప్పేనన్న ఎరుక ఇంటిల్లిపాదికీ ఉండి తీరాలి. పాత తరహా అమరికలో పైలట్ అనే చిన్న మంట నిత్యం వెలుగుతూనే ఉంటుంది. దాని వేడిని నేరుగా విద్యుత్తుగా మార్చే థర్మోపైల్ అనే భాగం, ఒక వోల్టులో సగానికి కాస్త అటూ ఇటూగా పుట్టించే స్వల్ప విద్యుత్తే గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది కనుక, మంచు తుపానులో కరెంటు పోయినా ఆ గది వెచ్చగానే ఉంటుంది, ఇది చిన్న సుగుణం కాదు. రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవర్ పెట్టె మాత్రం సాధారణంగా సొంత బ్యాటరీలతో పనిచేస్తుంది. అవి అయిపోతే, దానిపై ఆన్, రిమోట్, ఆఫ్ అని మూడు స్థానాలున్న మీటను ఆన్ వైపు జరిపి మంట వెలిగించుకోవచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో, వాడనప్పుడు ఆ మీట ఆఫ్‌లోనే ఉండాలి, ఎందుకంటే ముందరి గాజు పలక 200 డిగ్రీల సెల్సియస్ దాటి కాగగలదు, మంట ఆరాక కూడా చాలాసేపు చల్లారదు. గాజు వేడి సుమారు 78 డిగ్రీలు మించే నమూనాలకు రక్షణ తెర ఉండాలని అక్కడి ప్రమాణాలు 2015 నుంచి నిర్దేశిస్తున్నాయి గానీ, అంతకుముందు బిగించినవి చాలా ఇళ్లలో తెర లేకుండానే ఉన్నాయి. అటువంటి ఇంట్లో అద్దెకు దిగే తెలుగు కుటుంబాలు చలికాలం మొదలవకముందే యజమానిని అడిగి తెర పెట్టించుకోవాలి.