సంకెల కేవలం ఉపమానమా?

సంసారమే కారాగారం, దేహమే బంధం, జీవులందరూ బందీలే. ప్రవచనాలలో ఈ ఉపమానం ఎంత సులభంగా దొర్లిపోతుందో, నిజమైన చెరసాల అంత సులభంగా మరుగున పడుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ దెలక్రువా 1834లో చిత్రించిన ‘షియాన్ బందీ’ని చూసినవారు మాత్రం ఇనుమును ఉపమానమని త్రోసిపుచ్చలేరు.

పారిస్ లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్న ఈ చిత్రానికి ఆంగ్లకవి బైరన్ 1816లో రచించిన కావ్యం ఆధారం. జెనీవా సరస్సు తీరాన షియాన్ దుర్గంలో 16వ శతాబ్దంలో బంధింపబడిన బోనివార్ ఆ కావ్యానికి మూలపురుషుడు. చీకటి నేలమాళిగలో స్తంభానికి కట్టబడిన అన్న, ప్రాణాలు విడుస్తున్న తమ్ముని వైపు దేహమంతా చాచి పెనుగులాడుతున్నాడు, గొలుసు చాలదు. తన బాధకు విలపించే క్షణాన్ని కాక, పరుని బాధను అందుకోలేని క్షణాన్ని చిత్రకారుడు ఎన్నుకున్నాడు. బంధానికి ఇంతకన్న కఠినమైన నిర్వచనం అరుదు.

శాస్త్రం కూడా ఇనుమును చులకన చేయలేదు. భాగవత దశమస్కంధంలో జరాసంధుడు 20,800 మంది రాజులను గిరివ్రజంలో బంధించాడు. బంధం మిథ్య, ఓర్చుకొనుడని శ్రీకృష్ణుడు వారికి కబురు పంపలేదు. భీమునిచే జరాసంధుని వధింపజేసి, వారిని విడిపించి, ఆ పిదపనే ఐశ్వర్యమదాన్ని గురించి బోధించాడు. స్నానవస్త్రభోజనాలు సమకూర్పించి స్వదేశాలకు పంపాడు. ఈ క్రమమే గమనార్హం. బైరన్ కావ్యాంతంలో విడుదలైన బందీ, సంకెలతోనే చెలిమి కుదిరినదని నిట్టూరుస్తాడు. వేదాంతులు వాసన అనేది దీనినే. అయితే ఆ పాఠం సంకెల ఊడిన తరువాతిది.

మోర్తాడ్ పరిసరాల భక్తులకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. రఘునాథాలయం వెలసిన నిజామాబాద్ ఖిల్లాలోనే చెరసాల కూడా ఉండేది. నిజాం పాలన అంతిమదశలో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అందులో బందీలు. దాశరథి బొగ్గుతో గోడపై పద్యాలు వ్రాశారు. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. గోలకొండ చెరలో కంచెర్ల గోపన్న సైతం గోడమీదనే సీతారాములను మలచుకున్నాడని భక్తలోకం చెప్పుకుంటుంది. ఖిల్లా మెట్లెక్కి స్వామిని సేవించేవారిలో ఆ చెరసాలను తలచేవారెందరు?

విచారణ ముగియక, బెయిలు పూచీకత్తు కట్టలేక చెరలో మ్రగ్గే దరిద్రులు నేటికీ దేశంలో ఉన్నారు. రామదాసు కీర్తనలు పాడే భజనమండలి ఏదైనా ఆ సొమ్ములో కొంత భరిస్తే, అది లౌకికవ్యవహారమని ఆక్షేపించేవారూ ఉంటారు. తానీషాకు పైకం చెల్లించినది ఎవరో వారు ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి.