అటు వింటేజీ కాదు.. ఇటు తుక్కూ కాదు

ఐదు దశాబ్దాలకు పైగా కలెక్టరు బంగ్లాల ముందు, మంత్రుల కాన్వాయ్‌లలో దర్జాగా నిలిచిన అంబాసిడర్ కారు నేడు తెలుగు జిల్లాల్లో షెడ్ల వెనుక తుప్పు పడుతోంది. మరమ్మతులు చేయించి మెరుగులు దిద్దిన బండికి పెళ్లి ఊరేగింపులు, సినిమా షూటింగుల పుణ్యమా అని ఇంకా గిరాకీ ఉంది. ఉన్నదున్నట్లుగా అమ్మజూపితే మాత్రం అడిగే నాథుడే కరవు.

కారణం ఖర్చే. అడుగు రేకు, తలుపుల అంచులు తుప్పు తింటే టింకరింగ్, పెయింటింగ్, సీట్ల పని కలిసి బండి ధరనే మించిపోతాయి. ఉత్తరపారా కర్మాగారంలో 2014 మేలో ఉత్పత్తి నిలిచిపోయాక కొన్ని విడిభాగాలకు పాత కార్లను విప్పుకోవడమే దారి. దీని గుట్టు తెలిసిన మెకానిక్‌ల తరమూ తరిగిపోతోంది.

దీనికి తోడు నిబంధనలు. 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000కు పెంచింది. 20 ఏళ్లు పైబడిన వాటికి 2025 ఆగస్టులో దానిని రూ.10,000 చేసింది. వింటేజీ హోదా కావాలంటే 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండాలి. 1985లో రిజిస్టరైన బండి 2035 దాకా ఈ భారం మోయాల్సిందే. పైగా ఆ హోదాకు చట్రం, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండరాదు. విచిత్రమేమిటంటే, సర్కారు కోరే ఆ అసలు రూపాన్నే కొనుగోలుదారు వద్దంటున్నాడు!

అంతకాలం ఆగే ఓపిక వారసులకు లేదు. వారికి షెడ్డు స్థలమే ముద్దు. బండి కిలోల లెక్కన కాటాకెక్కుతోంది.