గళం గ్రామానిది, కత్తెర ఎవరిది?

2022 మార్చిలో ఆస్కార్ బహుమతుల ప్రదానోత్సవానికి కొద్ది రోజుల ముందు, బుందేల్‌ఖండ్ ప్రాంతానికి చెందిన ఒక మహిళా పాత్రికేయ సంస్థ విడుదల చేసిన ప్రకటన పలువురిని ఆశ్చర్యపరచింది. తమపై నిర్మితమైన చిత్రమే బహుమతి పోటీలో నిలిచిన తరుణంలో, అందులో చూపినది తమ సంపూర్ణ చిత్రం కాదని ఆ సంస్థ స్పష్టం చేసింది. స్థానికుల గాథను ప్రపంచానికి వినిపించే అధికారం ఎవరిదన్న చిరకాల వివాదాన్ని ఈ ప్రకటన మళ్లీ ముందుకు తెచ్చింది.

ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్ జిల్లాలో 2002లో బుందేలీ మాండలికంలో ఆరంభమైన 'ఖబర్ లహరియా' పత్రికను దళిత, ఆదివాసీ, ముస్లిం, వెనుకబడిన వర్గాల మహిళలు నడుపుతూ వచ్చారు. అక్షరాస్యతకు చేసిన సేవకు గాను 2009లో యునెస్కో పురస్కారం దానికి లభించింది. ఈ పత్రిక ముద్రణ నుంచి సెల్‌ఫోన్ వీడియోలకు మారిన వైనాన్ని రింటూ థామస్, సుష్మిత్ ఘోష్‌లు 'రైటింగ్ విత్ ఫైర్' పేరిట చిత్రంగా తీశారు. 2021లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో రెండు బహుమతులు పొందిన ఈ చిత్రం, మరుసటి ఏడాది ఆస్కార్ పరిశీలనకు ఎంపికైంది.

చిత్రం హృద్యంగా, శక్తిమంతంగా ఉన్నదని సంస్థ అంగీకరించింది. అయితే తమ దృష్టి అంతా ఒకే రాజకీయ పక్షంపై కేంద్రీకృతమైనట్లు చూపడం వాస్తవ విరుద్ధమని పేర్కొన్నది. సంవత్సరాల తరబడి తీసిన దృశ్యాలను గంటన్నరకు కుదించేటప్పుడు కొన్నింటిని ఎంచుకోక తప్పదన్నది నిజమే. కాని ఆ ఎంపిక ఫలితాన్ని అనుభవించేది దర్శకులు కారు. విదేశీ ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి ఇంటికి వెళతాడు. గ్రామీణ విలేఖరి మాత్రం అదే పోలీసు ఠాణాకు, అదే నాయకుని వాకిటికి మరునాడు వార్త కోసం వెళ్లవలసి ఉంటుంది. ఆమెపై పడే పక్షపాత ముద్ర ఆమె వృత్తికే గాక భద్రతకు సైతం ముప్పు కాగలదు.

ఈ సమస్యకు మరో మార్గాన్ని జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతులు చూపారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన మహిళలు కెమెరాలను తామే చేతబట్టారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి సాగుచేసిన రైతుల అనుభవాలపై వారు తీసిన చిత్రాలు విదేశీ ప్రేక్షకులకు సైతం చేరాయి. ఏ రైతును ఏమి అడగాలో, ఏ మాట ఉంచాలో నిర్ణయించినది సేద్యం తెలిసినవారే కావడం ఇక్కడ గమనార్హం. నీటి తడి లేకుండా, నేలలోని చెమ్మతో, శీతకాలపు మంచుతో పండే పంటలను ఆ ప్రాంతంలో 'సత్యం పంటలు' అంటారు. దీనిని వర్షాధార పంటలని అనువదిస్తే అర్థం కొంత అందవచ్చునేమో గాని, ఆ పేరులోని నమ్మకం జారిపోతుంది. అనువాదంలో కూడా సంపాదకత్వం ఉన్నదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

విచిత్రమేమంటే, ప్రపంచానికి వినిపించగలిగిన ఈ మహిళలు తమ పొరుగు ఊళ్లకు వినిపించడానికి ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతులిచ్చే విధానం 2006లో గాని రాలేదు. మాచ్నూరులోని సంఘం రేడియో 2008 అక్టోబరులో ప్రసారాలు ఆరంభించింది. నేటికీ ఇటువంటి కేంద్రాలు సొంతంగా వార్తలు ప్రసారం చేయరాదు. ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించడానికి మాత్రమే వీలుంది.

పొరుగు దేశమైన నేపాల్ అనుభవం ఇందుకు భిన్నం. 1997లో ప్రారంభమైన రేడియో సాగర్‌మాథా దక్షిణాసియాలో స్వతంత్ర సామాజిక రేడియోకు నాంది పలికింది. 2005 ఫిబ్రవరిలో అధికారాన్ని చేజిక్కించుకున్న రాజు జ్ఞానేంద్ర ఎఫ్‌.ఎం. కేంద్రాల వార్తలను నిషేధించగా, ఆ కేంద్రాలు న్యాయస్థానాలలోను, వీధులలోను పోరాడాయి. స్థానిక వార్తకు స్థానిక శ్రోతే రక్షణ కవచమని ఆ ఘట్టం నిరూపించింది.

గ్రామీణ గాథలపై అంతర్జాతీయ ఆసక్తి వాంఛనీయమే. పురస్కారాలు నిధులను, గుర్తింపును తెస్తాయి. స్థానిక అధికారుల వేధింపులకు కొంత అడ్డుకట్ట కూడా వేస్తాయి. అయితే కొన్ని కనీస మర్యాదలు పాటించవలసి ఉన్నది. చిత్రాన్ని విడుదలకు ముందు సంబంధిత సమాజానికి చూపడం, అభ్యంతరాలకు సమాధానమివ్వడం, అనువాదంలో ఆ భాష మాట్లాడేవారికి భాగం కల్పించడం, ఆదాయంలో వాటాను ముందే నిర్ణయించడం నిర్మాతలకు అసాధ్యమైన పనులు కావు. ప్రభుత్వం వైపు నుంచి చేయవలసినది సామాజిక రేడియోల వార్తలపై నిషేధాన్ని సడలించడం. తన ఊరిలో తన వార్త చెప్పుకోలేని మనిషి గొంతును విదేశీ వేదికపై ఎంత గొప్పగా వినిపించినా, అది ఇతరులు ఇచ్చిన అవకాశంగానే మిగులుతుంది, హక్కుగా మారదు.