నీలోత్పలం మనదే, ఆ చెరువు మాత్రం మనది కాదు

గెన్షిన్ ఇంపాక్ట్ ఆడే తెలుగువాళ్ళకి ఒక అడ్వాంటేజ్ ఉంది. సుమేరు మ్యాప్‌లో సగం పేర్లు మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. 2022 ఆగస్టులో 3.0 అప్‌డేట్‌తో వచ్చిన ఈ ప్రాంతంలో అవిద్య ఫారెస్ట్ ఉంది, లోకపాల జంగిల్ ఉంది, గంధర్వ విల్ అని ఒక ఊరు ఉంది. చెరువుల్లో కోసుకునే పువ్వు నీలోత్పల లోటస్. కొండ అంచున వేలాడేది కల్పలత లోటస్. అరనారా అనే బుల్లి అడవి జీవులు మనిషిని పిలిచే మాట "నర". వాటి క్వెస్ట్ సిరీస్ పేరు ఆరణ్యక. సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ పేరులో జ్ఞాన, విద్య రెండూ ఉన్నాయి. అమెరికా కుర్రాడికి ఇవన్నీ గమ్మత్తైన ఫాంటసీ పేర్లు. మనకి చిన్నప్పుడు చదివిన తెలుగు వాచకం.

ఇన్ని పేర్లు కనపడగానే "మన కల్చర్‌ని గేమ్‌లో పెట్టారు" అని వీడియోలు చేసేశారు. నేను ఒప్పుకోను. పెట్టింది మన డిక్షనరీని. మన ఊరిని పెట్టలేదు.

తేడా తెలియాలంటే అదే గేమ్‌లో లియుయే చూడండి. గేమ్ తీసింది షాంఘై కంపెనీ, లియుయే వాళ్ళ సొంత ఇల్లు. అక్కడి రాతి స్తంభాల అడవి చూస్తే చైనాలోని ఝాంగ్‌జియాజీ గుర్తొస్తుంది. చైనా కొత్త సంవత్సరం రోజుల్లోనే ఏటా గేమ్‌లో లాంతర్ల పండగ వస్తుంది. 2022 జనవరిలో యున్ జిన్ అనే పాత్రని దింపి, కథ మధ్యలో ఆమె చేత పీకింగ్ ఒపేరా బాణీలో పాట పాడించారు. పెద్దవాళ్ళు చూసే పాత నాటకం అని కుర్రాళ్ళు పక్కన పెట్టేసిన కళ అది. దాన్ని గేమ్‌లో అలా నిలబెట్టారంటే, తీసినవాళ్ళకి దాని తాళం తెలుసు కాబట్టే.

సుమేరులో ఆ నమ్మకం కనపడదు. పర్షియా, అరబ్ దేశాలు, ఈజిప్ట్, ఇండియా అన్నీ ఒకే గిన్నెలో కలిపారు. అకాడెమియా శాఖల పేర్లు పాత ఇరాన్ వైపువి, ఎడారిలో పిరమిడ్లు, అడవిలో సంస్కృతం. కలపడం తప్పని నేను అనను. నీలూ అనే డాన్సర్ పేరు పర్షియన్ నీలూఫర్ నుంచి వచ్చింది, ఆ నీలూఫర్ మన నీలోత్పలం నుంచే వెళ్ళిందని భాషావేత్తలు చెప్తారు. అంటే ఈ కలగలుపు నిజంగా జరిగిన చరిత్రే. కానీ అంత ఎండ కాసే దేశంలో ఎక్కువమంది పాత్రలు పాలరంగులో ఎందుకున్నారు? దీనిమీద అప్పట్లోనే ఫ్యాన్స్ గట్టిగా గొడవ చేశారు. ఇంకో మాట, గేమ్ టెక్స్ట్ థాయ్‌లో ఉంది, వియత్నామీస్‌లో ఉంది, టర్కిష్‌లో ఉంది. ఒక్క భారతీయ భాషలో లేదు. పేర్లు అరువు తీసుకున్నారు, ఆ పేర్లు పలికేవాళ్ళకి మాత్రం మెనూ కూడా ఇవ్వలేదు.

సరే, మనవాళ్ళు ఏం చేశారంటారా? 2017లో బాహుబలి 2 హడావుడిలో మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ఒక ఆన్‌లైన్ గేమ్ తెచ్చింది. సినిమాలో సాబు సిరిల్ కట్టిన మాహిష్మతికి ఒక బరువుంది, రాతికి రాయి లాంటి చల్లదనం ఉంది. గేమ్‌లోకి వచ్చేసరికి అది క్లాష్ ఆఫ్ క్లాన్స్ అచ్చులో పోసిన కోట అయిపోయింది. కాలకేయుల పేర్లు తీసేస్తే ఏ దేశం గేమో చెప్పలేం.

ఆర్ట్ డైరెక్షన్ అంటే అల్ట్రా గ్రాఫిక్స్ అనుకునేవాళ్ళకి ఒక చిన్న టెస్ట్. మిడ్ రేంజ్ ఫోన్‌లో గెన్షిన్ ఓపెన్ చేసి సెట్టింగ్స్ అన్నీ లోయెస్ట్‌లో పెట్టండి. నీడలు పోతాయి, గడ్డి పల్చబడుతుంది, దూరంలో అంతా మసక. అప్పుడూ లియుయే లియుయేలానే ఉంటుంది. మిగిలేది ఆకారం, రంగు. మనలో ఎక్కువమంది ఆడేది ఆ సెట్టింగ్స్‌లోనే కాబట్టి మనకి ఇంకా ముఖ్యం.

ఆకారం అంటే మా కోరుకొండే ఉంది. చుట్టూ పొలాలు, మధ్యలో కొండ, కొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడి, పైకి నిట్టనిలువు మెట్లు. దూరం నుంచే కంట పడుతుంది, పడ్డాక ఎక్కాలనిపిస్తుంది. ఓపెన్ వరల్డ్ డిజైనర్లు ప్లేయర్‌ని లాగడానికి వాడే కిటుకు సరిగ్గా ఇదే. 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుడు ఇక్కడి నుంచి ఏలాడు, కాబట్టి బాస్ ఫైట్‌కి లోర్ కూడా రెడీ. ఇక ఈవెంట్ కావాలంటే కోనసీమ వెళ్ళాలి. కనుమ రోజు జగ్గన్నతోటకి 11 ఊళ్ళ నుంచి ప్రభలొస్తాయి. ఆ ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోస్తూ, వరి చేల మధ్య నుంచి, కౌశిక నీళ్ళలో దిగి దాటిస్తారు. అది కో-ఆప్ మిషన్ కాకపోతే ఇంకేంటి? ఇందులో దేవుడి స్కిన్ ఒక్కటీ అమ్మక్కర్లేదు. మన దగ్గర ఫాంటసీ అనగానే కిరీటం, గద, మెరిసే కండలు. నాకు అది బోర్ కొట్టింది.

2024లో వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్ ఆన్‌లైన్ గేమ్ కాదు గానీ దాని పద్ధతి చూడాలి. చైనాలో 36 చోట్లని వాడుకున్నారు, అందులో 27 ఒక్క షాన్షీ ప్రావిన్స్‌లోవే. పాత గుళ్ళని, విగ్రహాల్ని స్కాన్ చేసి గేమ్‌లోకి తెచ్చారు. మన దగ్గర అంత పెట్టుబడి లేదు, నిజమే. కానీ స్కాన్ చెయ్యడానికి స్టూడియో అక్కర్లేదు, ఎపిక్ వాళ్ళ రియాలిటీస్కాన్ యాప్ ఫోన్‌లోనే పనిచేస్తుంది. పాత రాతి స్తంభమో, రావిచెట్టు కింద నాగశిలో ఉంటే చుట్టూ తిరిగి ఫోటోలు తీసి చూడండి. గుడి లోపలైతే ముందు పర్మిషన్ అడగండి. మబ్బు పట్టిన రోజు చూసుకోండి, ఎండలో తీస్తే నీడ కూడా టెక్స్చర్‌లో అతుక్కుపోతుంది. ఇంకా, తడిసిన నల్లరాయి మెరుస్తుంది, మోడల్‌లో బొక్కలొస్తాయి, అది ఆరేదాకా ఆగాల్సిందే.