గుర్తుకు కాపలా ఉంది, చిరునామాకేదీ?

2002లో కుప్పం పల్లెల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అమెరికా కంపెనీ హ్యూలెట్ ప్యాకార్డ్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ‘ఐ కమ్యూనిటీ’ పేరుతో చేపట్టిన కార్యక్రమం అది. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచారు. పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌర విద్యుత్తుతో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చారు. కరెంటు లేని చోట కూడా వాళ్లు ఫొటో తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టేవారు. అప్పుడు ఆ కంపెనీ అధినేత కార్లీ ఫియోరినా.

అదే ఫియోరినా 2015 మే 4న అమెరికా అధ్యక్ష ఎన్నికల బరిలో దిగుతున్నట్టు ప్రకటించారు. ఆ రోజు ‘కార్లీఫియోరినా డాట్ ఆర్గ్’ తెరిచినవాళ్లకు ఆమె ప్రచార పేజీ కనబడలేదు. పేజీ నిండా ఏడుపు ముఖాల గుర్తులే. ఎంత కిందికి జరిపినా అవే. ఆమె హయాంలో హెచ్‌పీలో ఉద్యోగాలు పోగొట్టుకున్న 30 వేల మందికి, ఒక్కొక్కరికి ఒక్కో ముఖం చొప్పున ఎవరో పేర్చి పెట్టారు. ఆమె బృందం ఆ పేరును రిజిస్టర్ చేయించుకోకపోవడంతో మరొకరు చేయించుకున్నారు. ఆ తరువాత ఫియోరినా ఒక టీవీ షోలో కూర్చుని, ఆ వ్యాఖ్యాత సెత్ మేయర్స్ పేరుతో ఉన్న డాట్ ఆర్గ్‌ను తాను కొనేశానని చెప్పి దెబ్బకు దెబ్బ తీశారు. కానీ జరగాల్సిన నష్టం మొదటి రోజే జరిగిపోయింది. ప్రపంచంలోనే పెద్ద కంప్యూటర్ కంపెనీల్లో ఒకదాన్ని నడిపిన మనిషి తన పేరునే కాపాడుకోలేకపోయారని పత్రికలు రాశాయి.

ఆ ఎన్నికల్లో దెబ్బతిన్నది ఆమె ఒక్కరే కాదు. 2015 డిసెంబరులో ‘జెబ్‌బుష్ డాట్ కామ్’ అని కొడితే నేరుగా డొనాల్డ్ ట్రంప్ ప్రచార సైటు తెరుచుకుంది. టెడ్ క్రూజ్ పేరుతో ఉన్న డాట్ కామ్‌లో అధ్యక్షుడు ఒబామాను బలపరచమనే పిలుపు కనిపించింది. ఇక బ్రూక్లిన్‌లో ఒక లాయరు 2011లోనే ముందుచూపుతో ‘క్లింటన్‌కెయిన్ డాట్ కామ్’ కొని పెట్టుకున్నాడు. ఐదేళ్ల తరువాత హిల్లరీ క్లింటన్ నిజంగానే టిమ్ కెయిన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నారు. ఆ పేరు 15 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నది ట్రంప్ ప్రచార బృందమేనని ఖర్చుల లెక్కల్లో తరువాత బయటపడింది. పదిహేను డాలర్లు కూడా పట్టని రిజిస్ట్రేషన్‌ను సకాలంలో చేసుకోకపోతే ప్రత్యర్థి చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

మన దేశంలోనూ ఇది కొత్త సంగతి కాదు. బీజేపీ నేత అరుణ్ జైట్లీ 2009లో తన పేరుతో డాట్ కామ్ తీసుకోబోతే అది అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉంది. వదులుకోవడానికి వేల డాలర్లు అడిగారు. ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆ పేరుకున్న ప్రత్యేకత దృష్ట్యా దానిమీద హక్కు ఆయనదేనని 2011లో కోర్టు తీర్పిచ్చింది. దానికంటే ముందు, 2004లో, ఒక తెలుగు సంస్థ పుణ్యమా అని సుప్రీంకోర్టు ఈ విషయంలో దేశానికంతటికీ దారి వేసింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే ‘సిఫీ’ పేరుతో సైట్లు నడిపేది. బెంగళూరులో మరో కంపెనీ ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక ‘ఎఫ్’ అదనంగా చేర్చి దాదాపు అదే పేరుతో సైట్లు పెట్టింది. ఇంటర్నెట్ చిరునామాకు వ్యాపార నామంతో సమానమైన రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఒక్క అక్షరం మీద నడిచిన వ్యాజ్యం కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

మన పార్టీలు ఎన్నికల గుర్తు దగ్గర చూపించే అప్రమత్తత చూస్తే ముచ్చటేస్తుంది. 2024 ఎన్నికల్లో జనసేన పోటీ చేయని చోట్ల గాజు గ్లాసును స్వతంత్రులకు కేటాయిస్తే ఆ పార్టీ హైకోర్టు తలుపు తట్టింది. మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు తమ కారును పోలి ఉందని టీఆర్ఎస్ చేసిన గొడవ అందరికీ గుర్తే. ఓటరు పొరబడతాడన్నదే వాళ్ల వాదన, అది న్యాయమైన వాదన. మరి అదే ఓటరు ఫోన్‌లో పార్టీ పేరు కొట్టినప్పుడు పొరబడడా? తెలుగుదేశం చిరునామా డాట్ ఆర్గ్, వైఎస్సార్ కాంగ్రెస్‌ది డాట్ కామ్, జనసేనది ‘జనసేనపార్టీ’ అని కలిపి రాసి డాట్ ఆర్గ్. ఏ పార్టీకి ఏ తోక ఉందో గుర్తుపెట్టుకునే కార్యకర్తలు ఎందరు? డాట్ కామ్, డాట్ ఆర్గ్ పేర్లు ముందు వచ్చినవాడికి ముందు దొరుకుతాయి. అడిగినవాడు ఎవరని ఆరా తీసే అధికారి ఉండడు. విరాళాలు అడిగే పేజీ ఒకటి, నకిలీ మేనిఫెస్టో ఒకటి పెట్టడానికి ఒక సాయంత్రం చాలు.

అలాంటిది జరిగితే ఎలా ఉంటుందో తిరుపతికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. శ్రీవారి దర్శనం టికెట్ల పేరుతో పుట్టుకొచ్చిన నకిలీ సైట్ల మీద 2023 ఏప్రిల్ నాటికే 40 కేసులు నమోదయ్యాయి. ఆ నెల టీటీడీ ఫిర్యాదుతో తిరుమల వన్ టౌన్ పోలీసులు 41వ కేసు పెట్టారు. ఆ సైటు చిరునామాను కాస్త ఆగి చూడాలి. అప్పట్లో అసలుది ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్’. చుక్కలున్న చోట అడ్డగీతలు పెట్టారు, చివర ‘ఇన్’ బదులు ‘ఆర్గ్’ అన్నారు, అంతే. పేజీ కూడా అచ్చం టీటీడీ పేజీలాగే ఉంది. మూడు వందల రూపాయల టికెట్ కోసం ఫోన్ పట్టుకు కూర్చునే భక్తుడు ఆ హడావుడిలో అడ్డగీతను గమనిస్తాడా?

గవ్ డాట్ ఇన్ తోక ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. మోసగాడు చివరి భాగాన్ని దొంగిలించలేడు కాబట్టి ముందు భాగాన్ని సాగదీస్తాడు. అందుకే చిరునామాను ఎడమ నుంచి కాక కుడి నుంచి చదవాలి. ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కనుండే జంట గీతలను వదిలేసి, ఆ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు చివరగా ఏముందో చూస్తే సైటు ఎవరిదో తెలిసిపోతుంది. ఈ రెండు వాక్యాలు సచివాలయం గోడ మీద రాసి పెట్టినా ఎందరో గట్టెక్కుతారు.

అయితే నెపమంతా మోసగాళ్ల మీద వేస్తే సరిపోదు. చిరునామాలు మార్చే అలవాటు ప్రభుత్వాలది, సంస్థలది. టీటీడీ ఆన్‌లైన్ సేవలు చాలాకాలం ‘టీటీడీసేవాఆన్‌లైన్ డాట్ కామ్’లో సాగాయి. 2020లో అది ‘తిరుపతిబాలాజీ’ అయింది. 2024 జనవరిలో ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అయింది. ప్రతి మార్పు వెనకా కారణం ఉండే ఉంటుంది. డాట్ కామ్ నుంచి ప్రభుత్వ చిరునామాకు రావడం నిజంగా మంచి పని. సంస్థకు ఒకే సైటు ఉండాలన్న ఆలోచనా మంచిదే. కానీ ఊరికి వెళ్లి అమ్మకూ, అత్తకూ నేర్పిన పేరు మారిన ప్రతిసారీ కొన్ని లక్షల మంది మళ్లీ వెతుకులాటలో పడతారు. ఆ వెతుకులాటలోనే నకిలీ సైటు తగులుతుంది.

ప్రజల అర్జీల సంగతి ఇంకా విచారకరం, ఎందుకంటే అక్కడ పేరు మారింది రాజకీయం వల్ల. చంద్రబాబు ప్రభుత్వంలో ‘మీకోసం’ ఉండేది. 2019లో ప్రభుత్వం మారాక ‘స్పందన’ వచ్చింది. 2023 మేలో ‘జగనన్నకు చెబుదాం’ అన్నారు, నంబరు 1902. 2024లో ప్రభుత్వం మళ్లీ మారి ‘మీకోసం’ తిరిగి వచ్చింది, నంబరు 1100. చిత్తూరు కలెక్టరాఫీసుకు సోమవారం అర్జీ పట్టుకొచ్చే పలమనేరు రైతుకు పట్టాదారు పాసుపుస్తకం కావాలి. ఆ పని ఏ ముఖ్యమంత్రి పెట్టిన పేరు కింద జరిగిందన్నది అతనికి అనవసరం. అతని అర్జీకి చిరునామా అధికారపక్షం జెండాతోపాటు మారాల్సిన పనేముంది?

పథకాల దగ్గర ఇంకో విచిత్రం. 2025లో తల్లికి వందనం డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడానికి తల్లులను పంపిన చిరునామా ‘జీఎస్‌డబ్ల్యూఎస్ హైఫన్ ఎన్‌బీఎం డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. అందులో ఎన్‌బీఎం అంటే పాత ప్రభుత్వపు నవశకం లబ్ధిదారుల వ్యవస్థ పేరు. నోరు తిరగని ఆ అక్షరాల మధ్య ప్రభుత్వమే అడ్డగీత పెట్టింది. అడ్డగీత కనబడితే అనుమానించమని జనానికి ఏ నోటితో చెప్పాలి?

ప్రభుత్వానికి ఈ విద్య తెలియదా అంటే బాగా తెలుసు. 2015 అక్టోబరులో రాజధానికి ఇటుకకు పది రూపాయలు ఇమ్మని అడిగినప్పుడు చిరునామా ‘అమరావతి డాట్ గవ్ డాట్ ఇన్’. ఒక్క మాట, అందరి నోటా ఉన్న మాట. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు 161తో మొదలైనప్పుడు కూడా సేవకో నంబరు కాక అన్నిటికీ కలిపి ఒకటే ఇచ్చారు, 9552300009. విరాళం అడిగేటప్పుడూ, ఘనత చాటుకునేటప్పుడూ కుదిరిన సులువైన పేరు రోజువారీ సేవలకు కూడా కుదరాలి. పైగా 2011లోనే తెలుగు లిపిలో డాట్ భారత్‌కు అనుమతి వచ్చింది. తెలుగు అక్షరాల్లో చిరునామా రాసుకునే వీలును పార్టీలూ ప్రభుత్వమూ ఇంతకాలం పక్కన పెట్టడం అన్యాయం.

నామినేషన్‌తోపాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో అభ్యర్థి ఫోన్ నంబరు, ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలు రాయాలి. అదే వరుసలో అధికారిక వెబ్ చిరునామా కూడా అడగాలి, పార్టీల చిరునామాలను గుర్తుల పట్టికతోపాటే ఎన్నికల సంఘం ప్రకటించాలి. రాష్ట్ర ప్రభుత్వం అర్జీలకు ఏ నాయకుడికీ, ఏ పథకానికీ చెందని ఒక పేరు ఖాయం చేసి, రేపు ఎవరు గెలిచినా అదే కొనసాగేలా ఉత్తర్వు ఇవ్వాలి. టీటీడీ పాలకమండలి పాత డాట్ కామ్ పేరును ఏటేటా రెన్యూవల్ చేయిస్తూ తన చేతిలోనే ఉంచుకోవాలి, పాత చిరునామా కొట్టిన భక్తుడు తిన్నగా కొత్త పేజీకి చేరేలా చూడాలి, ఇప్పుడున్న పేరును ఇంకోసారి మార్చకూడదు.