తాలు గింజకి తప్పెవరిది?

పొద్దుతిరుగుడు వేసే అన్నలందరికీ ఒక మాట. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన రబీలో రెండెకరాలు వేశా. పువ్వు చూస్తే పళ్లెమంత. కోసి కొడితే నడిమంతా తాలు! డీలర్‌ని అడిగితే "నీళ్లు చాలలేదు" అన్నాడు. కంపెనీ మనిషి వచ్చి "బోరాన్ కొట్టలేదు" అన్నాడు. కొట్టాను, బిల్లు చూపించా. అప్పుడు "తేనెటీగలు లేవన్నా" అన్నాడు. తప్పు నీళ్లది, నాది, ఈగది. విత్తనానిది మాత్రం కాదట!

అసలు సంగతి వినండి. సగోత్రం పెళ్లి కుదరదన్నట్టు, పొద్దుతిరుగుడుకి పుట్టుకతోనే ఒక కట్టుబాటు ఉంది. పుప్పొడి మీద దాని మొక్క గుర్తు ఉంటుంది. కీలాగ్రం ఆ గుర్తు పట్టి, తన గోత్రమే అయితే మొలకెత్తనివ్వదు. గింజ కట్టదు.

1969లో రష్యా నుంచి మన దేశానికి వచ్చిన రకాల్లో మొక్క మొక్కకీ తేడా ఉండేది. ఈగ పక్క మొక్క పుప్పొడి తెస్తే చాలు. 1980లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్‌హెచ్-1 హైబ్రిడ్ ఇచ్చింది. హైబ్రిడ్ చేనంటే ఏంటి? అన్ని మొక్కలకీ ఒకే అమ్మ, ఒకే నాన్న. ఎకరమంతా ఒకే గోత్రం! ఆ కట్టుబాటు గట్టిగా ఉన్న విత్తనమైతే వెయ్యి ఈగలు తిరిగినా, పక్క చేలో వేరే రకం లేకపోతే గింజ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే సొంత పుప్పొడితో గింజ కట్టే గుణాన్ని శాస్త్రవేత్తలు ఏరి ఏరి హైబ్రిడ్‌లలోకి తెచ్చారు. అది ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. ఎంతుందో పువ్వుకి సంచి కట్టి లెక్కేస్తారు. మరి ఆ లెక్క మనకెందుకు చెప్పరు? 1966 విత్తన చట్టం కింద ప్యాకెట్ మీద మొలక శాతం, స్వచ్ఛత వేస్తున్నారు కదా. మొలిస్తే సరిపోతుందా, గింజ కట్టొద్దా?

మన తప్పూ ఒప్పుకుందాం. పూత మీద పొద్దున్నే పురుగుమందు కొట్టి ఈగల్ని చంపేది మనమే. సొంతంగా గింజ కట్టే రకానికైనా ఈగ తిరిగితే గింజ ఎక్కువ నిండుతుంది. పూత టైంలో ఆ మందు ఆపండి.

ఈసారి ఒక పని చేయండి. రేకులు విచ్చకముందే ఐదు పువ్వులకి పల్చటి గుడ్డ సంచి కట్టండి. పక్కనే ఐదు వదిలేయండి. కోశాక రెండింట్లోనూ వందేసి గింజలు నొక్కి చూడండి. సంచిలోవీ నిండితే విత్తనం మంచిదే. సంచిలో తాలు, బయట నిండుగా ఉంటే మీ పంట ఈగ దయ మీద బతుకుతోంది. రెండూ తాలైతే నీళ్లు, బోరాన్, ఎండ, ఈగలు, విత్తనం అన్నీ చూడాల్సిందే.

ఆ లెక్క రాసుకుని, ఫోటో తీసి, వచ్చే ఏడు ప్యాకెట్ కొనేముందు డీలర్ బల్ల మీద పెట్టండి. "సంచి కట్టిన లెక్క ఎంత?" అని అడగండి. ఒక్కడు అడిగితే నవ్వుతారు. ఊరంతా అడిగితే ప్యాకెట్ మీద అచ్చేస్తారు.